గంటంపావు దూరం

సోమవారం. ఈశాన్య గాలి, మోస్తరు.

గడకర్ర నీడ ఉత్తరపు గీతను ముట్టుకోగానే గడియారం ముల్లు పన్నెండు మీదికి జరిపాను. అర నిమిషం వెనకబడింది. నీలపాలెంలో ఈ పని నేను తప్ప ఇంకెవరూ చెయ్యకూడదు. ఊళ్ళో గడియారాలన్నీ విమానాశ్రయం గడియారాన్ని చూసి దిద్దుకుంటాయి, విమానాశ్రయం గడియారం సూర్యుణ్ణి చూసి దిద్దుకుంటుంది. ఉపగ్రహాలు రాలిపోయి, వాటితో పాటు దేశమంతటికీ ఉన్న ఉమ్మడి టైము కూడా పోయిన దగ్గర్నుంచి ఇదే పద్ధతి. ఎవరి పొద్దు వాళ్ళది. నాలాంటి అనుమానపు మనిషికి రోజు మొత్తం మీద ధైర్యంగా ఉండే క్షణం ఇదొక్కటే.

మధ్యాహ్నం విమానంలో వైద్య మండలి అధికారి దిగాడు. వెంట గంట నియమం తెచ్చాడు. ఎర్రగుడి పెద్దాసుపత్రికి గంటలోపు విమాన దూరంలో ఉన్న ఊరు పొరుగూరు కింద లెక్క. పొరుగూరికి రోజూ విమానం ఇస్తారు, అత్యవసరానికి ఇంకో చిన్న విమానం ఊళ్ళోనే సిద్ధంగా ఉంచుతారు. దాని ఆపరేషన్ గదిని, డాక్టరుతో సహా, అంతకన్నా దూరంలో ఉన్న ఏ కొండ మీది ఊరికో తరలిస్తారు. గంట దాటిందా, గది మనకే ఉంటుంది. విమానం మాత్రం ఇప్పటిలాగే వారానికి రెండుసార్లు.

ఊరి అధ్యక్షురాలు పైడమ్మగారు చెంగు నడుముకి బిగించుకుని నా బల్ల ముందు నిలబడ్డారు.

"సౌదామినమ్మా, ఎర్రగుడికి ఎంత దూరమో బాబుకి సెప్పమ్మా."

"నాలుగువందల తొంభై కిలోమీటర్లు."

"కిలోమీటర్లు ఎవుడిక్కావాలి? ఎంతసేపని అడుగుతన్నాను."

ఎప్పుడూ చెప్పే లెక్కే చెప్పాను. విమానం ఇక్కడ లేచిన టైము నేను చూసుకుంటాను. అది అక్కడ దిగిన టైము ఎర్రగుడివాళ్ళు రేడియోలో చెబుతారు. దాంట్లోంచి ఇది తీసేస్తాను. యాభై ఏడు నిమిషాలు.

"తిరిగొచ్చేటప్పుడు గంటన్నర దాటుతోందే?" అన్నాడు అధికారి.

"గాలండీ. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది."

అడిగిన వెంటనే అంత తడుముకోకుండా ఎలా చెప్పానో! ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివినదాన్ని, నా నోట గాలి అనే మాట వస్తే జనం ఇక అడగరు. అధికారి కూడా అడగలేదు. రోగి వెళ్ళే దిక్కే మాకు ముఖ్యమన్నాడు.

"పుట్టింటికెల్లే దారి బేగి తరిగిపోతాది బాబూ, అత్తోరింటికొచ్చే దారే సాగుతాది," అని పైడమ్మగారు నవ్వించారు. ఆ నవ్వుల్లోనే సంతకం పెట్టాను.

గురువారం. అదే గాలి.

ఆపరేషన్ గది సామాను విమానమెక్కింది. పెద్ద దీపం, బల్ల, మత్తు ఇచ్చే యంత్రం, అన్నీ చెక్కపెట్టెల్లో సర్ది, మధ్య గడ్డి కూరారు. ఆ విమానమే మా మొదటి రోజువారీ విమానం కూడా. పొద్దున ఎర్రగుడి నుంచి ద్రాక్ష, కొర్రలు, ఒక పెళ్ళిబృందం తెచ్చింది. ఇక్కణ్ణుంచి పెట్టెలతో పాటు ఐసులో పెట్టిన వంజరం చేపలు పట్టుకెళ్ళింది. ఊరంతా రన్‌వే కంచె పట్టుకుని చూసింది. బాజా కూడా పెట్టించారు.

మా మరదలు కుసుమ వచ్చింది. తమ్ముడు చలపతి వేటకి వెళ్ళాడు, పడవ దీపావళికి గాని రాదు. కుసుమకి ఏడున్నర నెలలు. మొదటి కాన్పు ఆపరేషనే. ఈసారి కూడా తప్పదని, నొప్పులు మొదలైన గంటలోపు బల్ల మీద ఉండాలని డాక్టర్ మెహరున్నీసా మరీ మరీ చెప్పింది. పాత కుట్టు అంతకంటే ఎక్కువసేపు ఓర్చదట.

చేపల బుట్టలు ఎక్కించే నూకాలు కూడా అక్కడే ఉంది. ఆవిడకి కవల పిల్లలు. బుట్టలు మొయ్యొద్దన్నారని లెక్క చూసే పని చేస్తోంది. ఆవిడకీ ఆపరేషనే రాసిపెట్టారు.

"సూసినావా కుసుమమ్మా, మన బల్ల ఎలిపోతంది!" అంది నూకాలు.

"మనం కూడా వెళ్దాంలే అక్కా, దాని వెనకాలే."

"నానైతే నొప్పులొచ్చాకే ఎక్కుతాను బాబూ. ముందే ఎల్లి ఆ ఊర్లో ఏటి తింటాను, జొన్నరొట్టా? ఏబై ఏడు నిమిషాలే గదా, పళ్ళు బిగించుకుంటే అయిపోతాది. ఏటంటారు మేడమ్?"

"అవునవును," అన్నాను. ఈ ముక్క తరువాత చేరుస్తున్నాను: అప్పటికి అది అబద్ధమని నాకు తెలియదు. అలా రాసుకుంటే కాస్త ఊరటగా ఉంది, అందుకే రాస్తున్నాను.

శనివారం. పడమటి గాలి, గట్టిగా.

గాలి తిరిగింది. కొండల మీంచి దుమ్ము మోసుకొచ్చి, ఆరేసిన బట్టలన్నిటినీ సముద్రం వైపు ఊపుతోంది. అంటే ఈ రోజు ఎర్రగుడికి వెళ్ళే విమానానికి ఎదురుగాలి. నేను చెప్పిన లెక్క ప్రకారం వెళ్ళడానికి గంటన్నర పట్టాలి, రావడానికి గంటలోపు.

వెళ్ళడానికి యాభై తొమ్మిది. రావడానికి తొంభై ఒకటి.

గాలి పూర్తిగా తిరగబడితే మారింది రెండు నిమిషాలు. మిగతాదంతా మరి ఏమిటి?

పైలట్‌ని అడిగాను. ఆయన గడియారం చూడడు, బ్యాటరీ ముల్లు చూస్తాడు. "పోనూ రానూ ఇంచుమించు ఒకటే ఖర్చు మేడమ్," అని తన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయనకి అందులో వింతేమీ కనిపించలేదు.

అన్నం సయించలేదు. నేనిలాగే ప్రతిదానికీ దిగులు పడతానని మా తమ్ముడు వెక్కిరిస్తాడు. గ్యాసు కట్టానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషిని. ఇది కూడా అలాంటిదే అనుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను.

ఆదివారం. గాలి లేదు.

పన్నెండుకి గడియారం దిద్ది, వెంటనే రేడియోలో ఎర్రగుడిని పిలిచాను. అక్కడ నా పని చేసేది ఓబులేసు. మేమిద్దరం మొహాలు చూసుకోలేదు గాని ఆరేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం.

"ఓబులేసూ, ఇప్పుడు మీ గడియారంలో టైమెంత?"

"ఏందక్కా, మీ గడియారం చెడిపోయిందా?"

"చెప్పవయ్యా."

"పన్నెండుకు ఇంగా పద్దెనిమిది నిమిషాలుండాది. నేనింగా నీడ కాడికే పోలేదు."

"మా దగ్గర సరిగ్గా పన్నెండు."

"అది మామూలే గదక్కా. మీరు తూర్పునుండారు, పొద్దు ముందు మీకాడికి వచ్చి, ఆమైన మాకాడికి వస్తాది. దానికేముండాది ఇప్పుడు?"

దానికేమీ లేదని చెప్పి పెట్టేశాను.

ఇక్కడ పది గంటలకు విమానం లేస్తే ఎర్రగుడిలో అప్పుడు పది కాదు, పదికి పద్దెనిమిది తక్కువ. అక్కడ అది దిగేసరికి వాళ్ళ గడియారం పది యాభై ఏడు చూపిస్తుంది. వాళ్ళ పొద్దులోంచి మా పొద్దు తీసేసి, మిగిలినదాన్ని నేను ప్రయాణం అన్నాను. ఆ పద్దెనిమిది నిమిషాలు కలిపితే డెబ్బై ఐదు. తిరుగు ప్రయాణంలో ఎక్కువైన పద్దెనిమిది తీసేస్తే అదీ డెబ్బై ఐదే. పోనూ రానూ గంటంపావు. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు రేఖాంశాల పాఠంలో చెబుతారు. నేను కూడా చెప్పాను, ట్యూషన్లు చెప్పిన రోజుల్లో.

అధికారితో గాలి అన్న ఆ మాట గుర్తొచ్చింది. గదిలో ఎవరూ లేరు, అయినా చేత్తో మొహం కప్పుకున్నాను.

సోమవారం. తూర్పు గాలి, కొద్దిగా.

చెప్పేద్దామనే పైడమ్మగారి ఇంటికి వెళ్ళాను. అరుగు నిండా జనం. రోజువారీ విమానంలో పిల్ల పెళ్ళిచూపులకి ఎర్రగుడి వాళ్ళు వస్తున్నారని ఒకాయన, చేపలకి అక్కడ ఎంత గిరాకీయో అని మరొకాయన. పైడమ్మగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆవిడ లేచేసరికి అందరూ లేచారు.

"ఈ తల్లి సెప్పిన మాటమీదే గదర్రా మనకి రోజూ ఇమానం! రామ్మా, కూకో. ఏటిలా వొచ్చినావు?"

"ఊరికే అండీ. ఇటుగా వెళ్తూ."

మా ఇల్లు ఊరికి ఆ చివర. ఇటుగా నేనెక్కడికి వెళ్తానో ఎవరూ అడగలేదు. కాఫీ ఇచ్చారు, తాగాను. ఎక్కువ పంచదార వేశారు, గౌరవం కొద్దీ. ఇంటికొచ్చేదాకా ఆ తీపి నాలుకకి అంటుకునే ఉంది.

దారిలో నాకు నేను చెప్పుకున్న మాటలు ఇవి. గంట అనేది ఎవరో ఒక గదిలో కూర్చుని పెట్టిన హద్దు. డెబ్బై ఐదుకీ అరవైకీ తేడా ఎంత, ఒక అన్నం ఉడికేంత. మండలికి కూడా లెక్కలు తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళు చూసుకోరా? నా సంతకం ఒక్కదానితో ఏం జరుగుతుంది?

ఏదీ నేను నమ్మలేదు. అయినా అన్నీ వరసగా చెప్పుకున్నాను.

బుధవారం. తూర్పు గాలి.

డాక్టర్ మెహరున్నీసా వెళ్ళిపోయింది. పదకొండేళ్ళు ఇక్కడ పనిచేసిన మనిషి. చిన్న పెట్టె, ఒక కుట్టుమిషను, అంతే సామాను. వీడ్కోలుకి వచ్చిన ఆడవాళ్ళు ఆవిడ చేతులు వదలలేదు. విమానం ఎక్కే ముందు నన్ను పక్కకి పిలిచింది.

"సౌదామినిగారూ, ఒక్క మాట. నేను మొదట ఒప్పుకోలేదు తెలుసా. పోనని మొండికేశాను. మీ నంబరు చూపించాకే సరేనన్నాను. యాభై ఏడు. ఆ పైన మూడు నిమిషాలు స్ట్రెచర్‌కి. అదైనా గుండె రాయి చేసుకుని ఒప్పుకున్నాను. నిజంగా యాభై ఏడే కదా?"

అప్పుడు చెప్పవచ్చు. ఆవిడ సూటిగా నా కళ్ళలోకి చూస్తోంది. ఆవిడకి చెబితే నవ్వదు, తిట్టదు, పెట్టె కింద పెట్టి ఆగిపోతుంది. అంత సులువు. కాని వెనక పైడమ్మగారు, బాజావాళ్ళు, మొదటిసారీ రెండోసారీ ఎక్కుతూ మురిసిపోతున్న జనం. వాళ్ళందరి ముందు, గాలి గురించి చెప్పిన మనిషిని.

"అవునండీ," అన్నాను.

"అల్లా చూసుకుంటాడు," అని నా భుజం తట్టి ఎక్కింది. కంచె దగ్గర నూకాలు కూడా అదే అడిగితే, ఆవిడకీ యాభై ఏడే అన్నాను.

పోయిన వారం సోమవారం పెట్టిన సంతకం పొరపాటు. ఈ అవునండీ పొరపాటు కాదు. ఈ రెండింటి మధ్య పది రోజులు కూడా లేవు. నేనెలాంటి మనిషినో తేల్చుకోవడానికి అవి సరిపోయాయి.

శుక్రవారం. గాలి మారుతోంది.

కుసుమకి ఎర్రగుడి టిక్కెట్టు తీశాను, ఆదివారానికి. అక్కడ పెద్దాసుపత్రి పక్కనే ఒక గది కూడా మాట్లాడమని ఓబులేసుకి చెప్పాను. కాన్పుకి నెలన్నర ఉంది. ముందే వెళ్ళి ఉంటే ఎంత దూరమైతేనేం.

టిక్కెట్టు చేతిలో పెడితే కుసుమ నా వైపు అదోలా చూసింది.

"ఇప్పట్నుంచే ఎందుకు వదినా? నొప్పులొచ్చాక వెళ్ళొచ్చు కదా. నూకాలక్క కూడా అప్పుడే వెళ్తానంటోంది."

"ఎందుకైనా మంచిది."

"నీకు ఏదైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది. అనుమానం మనిషిని కదా, నీకు తెలియనిదేముంది."

నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు తరువాత కుసుమ సంచీ సర్దుకోవడానికి లోపలికి వెళితే, నేను వరండాలో కూర్చున్నాను. నూకాలు వాళ్ళ ఇల్లు అక్కడికి కనిపిస్తుంది. ఆవిడ గుమ్మంలో కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎవరితోనో పోట్లాడుతోంది, పాల విషయమై. గొంతు ఇంత దూరం వినిపిస్తోంది. నాకు తెలిసిన లెక్కతో నేను నా ఇంటి మనిషిని గట్టెక్కించుకున్నాను. ఆవిడకి ఆ యాభై ఏడు ఇచ్చి ఉంచాను.

ఇంతవరకూ సిగ్గుపడ్డాననుకున్నాను. అది సిగ్గు కాదు. భయం, పరువు, అలాంటివేవో. సిగ్గు ఇప్పుడు మొదలైంది.

ఆదివారం. పడమటి గాలి, తేలిగ్గా.

విమానం నిండిపోయింది. పది సీట్లూ. ఎక్కే ముందు మైకులో గమ్యం, దూరం, సమయం చెప్పడం నా పని. మైకు పట్టుకున్నాను. కంచె దగ్గర పైడమ్మగారు, చేపల బుట్టల పక్కన నూకాలు. వరసలో నాలుగో మనిషి కుసుమ.

"ఎర్రగుడికి వెళ్ళే ప్రయాణికులకు మనవి. దూరం నాలుగువందల తొంభై కిలోమీటర్లు. ప్రయాణ సమయం డెబ్బై ఐదు నిమిషాలు."

ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన మాత్రం, "ఇయాల ఎదురుగాలి గామోసు," అన్నాడు పక్కవాడితో.

"గాలి కాదు," అన్నాను. మైకు తీసెయ్యడం మరిచిపోయాను, ఆ మాట రన్‌వే చివరిదాకా వినిపించింది. "ఏ రోజైనా డెబ్బై ఐదే. గంటంపావు. మన గడియారమూ వాళ్ళ గడియారమూ ఒకటి కాదు. మన పొద్దు వాళ్ళకంటే పద్దెనిమిది నిమిషాలు ముందు. అది కలపకుండా లెక్క చెప్పాను. నియమం ప్రకారం ఆపరేషన్ గది ఇక్కణ్ణుంచి వెళ్ళవలసింది కాదు. ఇది నాకు పోయిన ఆదివారమే తెలిసింది."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తరువాత నూకాలుకి అర్థమైంది. బుట్టల మధ్య నుంచి నెమ్మదిగా వచ్చి నా ముందు నిలబడింది.

"పోయిన ఆదివారమా?"

"అవును."

"మొన్న బుదవారం కూడా నానడిగితే ఏబై ఏడే అన్నావు గదే."

ఆవిడ ఎప్పుడూ నన్ను మీరనే అంటుంది.

"అన్నాను."

"మరి నీ మరదల్ని ముందే ఎక్కిస్తన్నావు. అదీ ఇందుకేనా?"

తలూపాను. ఎవరో తిట్టారు, ఎవరని చూడలేదు. పైడమ్మగారు కంచె దాటి వచ్చారు. "అయితే రోజూ ఇమానం పోతాదా? పెళ్ళిచూపులోలు ఎల్లుండి వొస్తన్నారే తల్లీ! ఈ మాట ఆ బాబుతో ముందే సెప్పుంటే సరిపోయేది గదా!" ఆవిడ గొంతులో కోపంకంటే తలవంపు ఎక్కువ. నా మాట మీద ఊరిని నడిపించిన మనిషి.

వరసలోంచి కుసుమ బయటికి వచ్చింది. తన సంచీలోంచి టిక్కెట్టు తీసి నూకాలు చేతిలో పెట్టింది.

"నువ్వెక్కు అక్కా. నీకు ఇరవై రోజులు కూడా లేవు. నాకు నెలన్నర ఉంది. గది కూడా చూసి ఉంచారు."

"బట్టలూ అయ్యీ..."

"ఇందులో నావున్నాయి. లూజుగా కుట్టించినవే."

నూకాలు నా వైపు చూడకుండా ఎక్కింది. మెట్ల మీద ఆగి, కింద ఉన్న మొగుడితో, "మేకకి నీళ్ళెట్టడం మర్సిపోకు సచ్చినోడా," అని అరిచి లోపలికి పోయింది. విమానం లేచింది. కుసుమ నా గదిలోకి వచ్చి, తలుపు పక్క బల్ల మీద కూర్చుంది.

రేడియో తీసి ఎర్రగుడిని పిలిచాను. ఓబులేసుకి మొదటినుంచీ చెప్పాను.

"అంటే మా గడియారం కూడా ఇందులో ఉండాది," అన్నాడు చివరికి. "నువ్వడిగిన రోజు నాకూ తట్టలేదు చూడు."

"పెట్టెలు ఎక్కడున్నాయి ఓబులేసూ?"

"ఈడే మా గోడౌన్లో. కొండమింద వానకు దారి తెగిపోయింది. డాక్టరమ్మ కూడా ఈడే కూచోనుండాది, దినామూ వచ్చి ఎప్పుడు పోవల్లని అడుగుతాది. వెనక్కి పంపియ్యాలంటే మండలోళ్ళు ఊ అనల్ల. నేనిప్పుడే ఆ మండలి ఆయప్పకు చెప్తా. కానీ అక్కా, ఒగటి అడుగుతారు."

"ఏమిటి?"

"తెలిసి చేసినావా, తెలీక చేసినావా అని. తెలీక అంటే ఏమీ కాదు, మందలించి ఇడిచేస్తారు. తెలిసి అంటే ఆ కుర్చీలో నిన్ను ఉండనీరు."

"మొదట తెలియక. ఆ తర్వాత వారమంతా తెలిసే."

"రెండూ చెప్తే ఆయప్ప గందరగోళం పడతాడు. మళ్ళా ఇచారణ అంటాడు, ఆలీసమైతాది. ఒగటే చెప్పల్ల. ఏది చెప్పమంటావు?"

కుసుమ తల ఎత్తి చూసింది.

"తెలిసే అని చెప్పు," అన్నాను. "తొందరగా చెప్పు."